తడవని డబ్బా

డబ్బా అక్క పక్క మంచం కింద తుడవడం ముగించి మెకానిక్ మంచం దగ్గరికి వచ్చింది. వార్డులో నిండిన డబ్బాలు మార్చే పని ఆమెదే కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు పోయి చాలా కాలమైంది.

మెకానిక్‌కి పేగు చిల్లుపడి కడుపంతా చీము పట్టింది. కోసిన పొట్టను డాక్టర్లు కుట్టలేదు. లోపల స్పాంజి పరిచి, పైన పల్చటి ప్లాస్టిక్ పొర అతికించారు. మంచం పక్కనున్న మెషిన్ గొట్టం గుండా చెడునీరంతా డబ్బాలోకి లాగుతూ ఉంటుంది. ఆ నీరు తగ్గితే పొట్ట మూసేస్తామన్నారు. అప్పట్నుంచి అతని భార్య కళ్లు డబ్బా మీదే.

“కడుపులో మాట దాచుకోలేనని మా ఆవిడ తిడుతుంది. ఇప్పుడు కడుపే దాచుకోలేకపోతున్నా, అక్కా,” అనేవాడు మెకానిక్. ఇవాళ మాత్రం ఏమీ అనకుండా కళ్లు మూసుకుని ఉన్నాడు.

మెషిన్ కూసింది. అతను దగ్గినా కదిలినా పొర అంచు లేచి అది కూయడం మామూలే. తీరికలేని నర్సులు నేర్పినట్టు అక్క మీట నొక్కి దాని నోరు మూయించి, అంచుల్ని అరచేత్తో అదిమింది. మళ్లీ కూసింది. మళ్లీ నొక్కింది. డబ్బా చూస్తే పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది. అడుగు కూడా తడవలేదు.

ఆమె మనసు తేలికపడింది. మంచి కబురు చెప్పే అదృష్టం ఆ ఉద్యోగంలో ఎన్నడూ దక్కలేదు. ఆగలేకపోయింది.

“తగ్గిపోయిందమ్మా. ఇక ఇంటికెళ్లడమే,” అంది అతని భార్యతో.

భార్య డబ్బా అక్క చేతులు పట్టుకుని ఏడ్చేసింది. ఇప్పుడే వస్తాను, కాస్త చూస్తుండమని చెప్పి, చెప్పులు సగం తొడుక్కునే పరుగెత్తింది.

మధ్యాహ్నం అతనికి వణుకు పుట్టింది. ఒళ్లు కాలిపోతోంది. అక్క నర్సును పిలుచుకొచ్చింది. నర్సు పొర కింద ఉబ్బిన నీటిని చూసి, గొట్టాన్ని వెలుతురుకి ఎత్తింది. లోపల నల్లటి గడ్డ అడ్డం పడి ఉంది. పొద్దున మెషిన్ కూసింది అందుకే. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. సాయంత్రానికి అతని ఊపిరి ఆగిపోయింది.

చీము ముందే రక్తంలో కలిసిందని, గొట్టం తెరుచుకుని ఉన్నా బతకడం కష్టమేనని పెద్ద డాక్టరు అన్నాడు. ఆ మాట పట్టుకుని అక్క కాసేపు నిలబడాలని చూసింది. చూపు మాత్రం మెషిన్ మీట మీదికే పోయింది.

భార్య చేతిలో సంచితో తిరిగొచ్చింది. ఏడ్చి ఏడ్చి, “పొద్దున నువ్వలా అన్నావు కదక్కా,” అంది, నిష్ఠూరంగా కాదు, నిజంగానే అర్థంకాక.

“అన్నానమ్మా. గొట్టం మూసుకుపోయింది, నాకు తెలియలేదు. అది కూస్తుంటే నేనే ఆపేశాను.”

 ఆమె భర్తను తీసుకెళ్తున్న బండి వెంట నడిచి వెళ్లిపోయింది.

అక్క పరుపు తుడవబోతే మంచం కాళ్ల దగ్గర సంచి కనబడింది. అందులో మెకానిక్ ప్యాంటు ఉంది. దాని నడుం పట్టీ విప్పేసి, పొట్ట మీద ఒత్తుకోకుండా మెత్తటి గుడ్డతో వదులుగా కుట్టి ఉంది. తొందరలో తెంచడం మరిచిన దారానికి సూది ఇంకా వేలాడుతోంది.