పద్దెనిమిదో గీత

జగతి కన్నువై వెలిగెడి చండకిరణ,
తిమిరమెల్లను దొలగించు దేవదేవ,
మసక కమ్మిన కన్నుల మాపు బాపి
ఇంటి దీపమౌ నతివల నేలుమయ్య.

ఆ ఉదయం కూడా ఆ ఇంటి కోడలు అత్తగారి ఇన్సులిన్ సీసాను అరచేతుల మధ్య దొర్లించి, సూదిలోకి మందు లాగి, కిటికీ వెలుగుకు ఎత్తి పట్టింది. పద్దెనిమిదో గీత దగ్గర ఆగాలి. కొంతకాలంగా ఆ గీతల మీదుగా నల్లని దారాలేవో ఈదుతున్నాయి. మొదట్లో కళ్ళజోడుకు మరక అంటిందనుకుని కొంగుతో తుడిచేది. తరువాత ముఖాన వెంట్రుక పడిందనుకుని తోసుకునేది. ఆపైన అనుకోవడం కూడా మానేసింది. మెట్లు లెక్కపెట్టి దిగడం, పోపుడబ్బాలో జీలకర్రను వాసనతో, ఆవాలను వేలికొసతో గుర్తుపట్టడం అలవాటు చేసుకుంది. తన చూపు తగ్గుతున్నదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియనీయకుండా నెట్టుకురావడం కూడా ఇంటిపనుల్లో ఒకటై, మిగిలిన పనుల్లాగే ఎవరి కంటా పడకుండా సాగిపోయింది.

పది గంటలకు అత్తగారు చెమటలు కక్కుతూ కుర్చీలోంచి జారిపోయింది. సూదిలోకి ఎక్కింది పద్దెనిమిది కాదు, ఇరవై ఎనిమిది. కోడలు పంచదార నీళ్ళు కలిపి చెంచాతో పట్టించి, ఒడిలో తల పెట్టుకుని, ముసలామె కళ్ళు తెరిచేదాకా దేవుణ్ణి పిలుస్తూనే ఉంది.

కబురందుకుని ఆఫీసు నుంచి వచ్చిన భర్త గుమ్మంలోనే అందుకున్నాడు. "కళ్ళు నెత్తిన పెట్టుకుని వేశావా సూది? అమ్మ ప్రాణం పోయేది!"

"పోనీలేరా, గట్టిపిండాన్ని," అంది అత్తగారు నీరసంగా. "అయినా దీని ధ్యాస ఎక్కడుంటోందో ఈమధ్య. పప్పులో రాళ్ళు, కూరలో వెంట్రుకలు. ఇవాళ ఏకంగా నాకే ఎసరు పెట్టింది."

వారి మాటలకంటె తన చేయే కోడలిని ఎక్కువ భయపెట్టింది. ఇన్నేళ్ళుగా ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన చేయి ఒక ప్రాణం తీయబోయింది.

మరునాడు ఒంటరిగా కంటి ఆసుపత్రికి వెళ్ళింది. దారి కొత్తది కాదు. ఏటా అత్తగారిని తీసుకువచ్చేది అక్కడికే. కంటిపాప విప్పారే చుక్కలు వేస్తే పూటంతా చూపు ఆనదు కనుక, చేయి పట్టుకుని ఇల్లు చేర్చేది. "మీకూ షుగరుందిగా, మీరూ చూపించుకోండమ్మా," అని నర్సు ఒకసారి అంటే, "ఇద్దరికీ చుక్కలు వేస్తే ఇంటికి దారెవరు చూస్తారమ్మా?" అని నవ్వేసింది. అందరూ నవ్వారు.

డాక్టరమ్మ చాలాసేపు లైటు వేసి చూసింది. "షుగరొచ్చి ఎన్నేళ్ళయింది?"

"చిన్నవాడి కాన్పప్పుడు బయటపడిందండీ. పదహారేళ్ళు."

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా కంటి పరీక్షకు రాలేదా?"

"ఏటా వస్తూనే ఉన్నానండీ," అంది. "మా అత్తగార్ని తీసుకుని."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. కుడికంటి వెనక సన్నని నరాలు చిట్లి నెత్తురు నిండిపోయిందనీ, లోపలి పొర ఊడిపోయిందనీ, ఆపరేషను చేసినా వెలుగునీడలకు మించి తిరిగి రాకపోవచ్చుననీ మెల్లగా చెప్పింది. ఎడమకన్నూ అదే దారిలో ఉంది. ఈ వారమే లేజరు మొదలుపెడితే దక్కే ఆశ ఉంది.

చుక్కల మసక విడిచేదాకా బయటి బల్ల మీద కూర్చుని ఆమె కుడికన్ను మూసింది, తెరిచింది. రెండింటికీ తేడా లేదు. ఒక కన్ను తన నుంచి సెలవు తీసుకుపోయింది, ఏ రోజున పోయిందో కూడా తనకు తెలియలేదు. అత్తగారి కాలిమీద చిన్న పుండు లేచిన తేదీ గుర్తుంది. భర్త పంటినొప్పి మొదలైన రోజు గుర్తుంది. అప్పుడు వచ్చింది ఏడుపు.

సాయంత్రం భర్త కాఫీ తాగుతూ విన్నాడు. "ఈ వారమేనా? ఆఫీసులో తనిఖీ ఉంది. నెలాఖరున తీరిగ్గా వెళ్దాంలే. ఇన్నాళ్ళు ఆగింది, పదిహేను రోజులు ఆగదా?"

"ఆగదటండీ. ఎల్లుండి పొద్దున్నే రమ్మన్నారు. వెళ్తున్నాను."

"మరి అమ్మకు సూది?"

"మీరు వేయాలి. ఇప్పుడే నేర్పిస్తాను. ఇకమీదట నేను వేయను."

"నేనా!" అతడు కప్పు దించాడు. "నెత్తురు చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయని తెలుసుగా?"

ఆమె ముఖం అతని వైపు తిప్పింది.

"నా కుడికంటికి నెత్తురు తప్ప ఇంకేమీ కనిపించడం లేదండీ."

ఈ కథ విన్నవారి కన్నులు చల్లగా ఉండుగాక. "నీ కన్నులెలా ఉన్నాయి?" అని అడిగే నోరు ప్రతి ఇంటా ఒక్కటైనా ఉండుగాక.