నాంపల్లి నవాబుల సెలవులు

ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో ఉన్న కళ్లద్దాల దుకాణంలో మనస్విని పని చేస్తుంది. వచ్చినవాళ్లకు ఫ్రేములు చూపించడం, అవి ముక్కు మీద సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడడం, కూర్చోకపోతే కొంచెం వేడి చేసి వంచడం ఆమె ఉద్యోగం. దుకాణంలో ఎవరూ లేనప్పుడు మాత్రం ఆమె ఒక కోటకు రాణి. ఆ కోట ఫోన్లో ఉంటుంది. ఆట పేరు 'కోట సంగ్రామం'. ముప్పై మంది వరకు ఒక జట్టుగా చేరి, ప్రతి ఆదివారం ఇంకో జట్టు కోట మీదికి యుద్ధానికి వెళ్లాలి. మనస్విని కట్టిన జట్టు పేరు నాంపల్లి నవాబులు. పేరుకు నవాబులే గానీ, వాళ్లలో ఒకడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకుంటాడు, ఒకామె బళ్లో లెక్కలు చెబుతుంది, చాలామంది మొహాలు మనస్విని ఏనాడూ చూడలేదు.

ఈ జట్టు పుట్టింది ఒక అవమానంలోంచి. అంతకు ముందు ఆమె వేరే జట్టులో ఉండేది. నాన్నకు డెంగీ వచ్చి దవాఖానలో పడుకున్నప్పుడు ఫోన్ ముట్టలేదు. ఆయన ఇంటికొచ్చాక ఆట తెరిచి చూస్తే ఆమెను జట్టులోంచి తీసేశారు. ఏమైంది, ఎక్కడున్నావు అని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు. ఆటే కదా అని దులిపేసుకునే రకం కాదు మనస్విని. అన్నం సయించలేదు, అమ్మతో గొడవ కూడా పడింది. ఆ మంటలోనే సొంత జట్టు పెట్టి, ఆటలో అందరికీ కనిపించే గోడ మీద మొదటి రోజే ఒక మాట రాసింది: 'ఇక్కడ చెప్పకుండా ఎవరినీ తీసెయ్యం.' సగం మంది ఆ మాట చూసే చేరారు.

ముందుగా చేరినవాడు సుశాంత్. దుకాణానికి నాలుగడుగుల దూరంలో జగదీశ్ మార్కెట్లో ఫోన్లకు కవర్లు, అద్దాలు అమ్ముతాడు. ఆటలో పులి, మాటలో కారం. యుద్ధానికి రానివాళ్లంటే అతనికి ఒళ్లు మండిపోయేది. "ఆడనోళ్లను ఎందుకు ఉంచుతున్నవ్? ఇది జట్టా, సత్రమా?" అని వారానికోసారి అడిగేవాడు. మనస్విని గోడ మీది మాట చూపించి నోరు మూయించేది. అయినా అతన్నే ఉపనాయకుణ్ణి చేసింది, ఎందుకంటే యుద్ధమంటే అంత ప్రాణం పెట్టేవాడు ఇంకొకడు లేడు.

రెండో ఉపనాయకుడి కథ వేరు. వామన్‌రావు నాంపల్లిలో ఉంటాడు. ప్రభుత్వ కార్యాలయంలో సిబ్బంది వ్యవహారాలు చూసే సెక్షనులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. చత్వారం అద్దాల కోసం వచ్చి, అవి తయారయ్యేదాకా కూర్చుని, మనస్విని ఫోన్లోకి తొంగి చూసి, "ఏంది బిడ్డా అది? నాకు గూడ పెట్టు" అన్నాడు. అలా చేరాడు. పెద్దమనిషి చేరాక చిక్కొచ్చి పడింది. మామూలు సైనికుడి వరుసలో ఆయన పేరు, దాని మీద సుశాంత్ పేరు కనిపిస్తుంటే మనస్వినికి ఏదో తప్పు చేసినట్టు ఉండేది. పెళ్లి భోజనంలో పెద్దాయన్ని చివరి బంతికి నిలబెట్టినట్టు అనిపించి, ఆయన్ని కూడా ఉపనాయకుణ్ణి చేసేసింది. ఆటలో ఆ పదవికి ఏమేం అధికారాలుంటాయో ఆయనకు చెప్పాలని ఆమెకు తోచలేదు. మర్యాద కోసం వేసిన కుర్చీకి పనేముంటుందని ఆమె ధీమా.

డిసెంబరు నుంచి జట్టులో మనుషులు మాయమవడం మొదలైంది. ఒకరోజు ఒక పేరు ఉండేది, మర్నాడు ఉండేది కాదు. వెళ్లిపోయారో, ఎవరైనా తీసేశారో ఆట చెప్పదు. 'జట్టులో లేరు' అంటుంది, అంతే. పోయినవాళ్లు మంచి ఆటగాళ్లే. జట్టు మానేస్తున్నామని ఒక్కరూ అనలేదు. 'ఈ ఆదివారం రాను' లాంటి మాటలు చాట్‌లో ఎప్పుడూ ఉండేవే. లెక్కల టీచరు స్టెఫీ కూడా పోయిన రోజు మనస్విని జాబితాను పైనుంచి కిందికి మళ్లీ మళ్లీ వెతికింది. స్టెఫీ సికింద్రాబాద్ మనిషి, జట్టుకు కుడిభుజం. ఇలాగే జరిగితే ఆదివారం యుద్ధానికి కావలసినంత మంది కూడా మిగలరు, జట్టు దానంతటదే రద్దయిపోతుంది.

ఇంతమంది వరసగా వాళ్లంతట వాళ్లే పోరు, ఎవరో తీస్తున్నారు. తీసే అధికారం ముగ్గురికే ఉంది. తాను తీయలేదు. పెద్దాయన రోజూ పొద్దున్నే చాట్‌లో 'అందరికీ శుభోదయం' పెట్టే మనిషి, ఆయన మీదికి అనుమానం పోనే పోదు. ఇక మిగిలింది వారానికోసారి 'తీసెయ్యి, తీసెయ్యి' అనేవాడే. ఒక మధ్యాహ్నం టీ చల్లారిపోతున్నా చూసుకోకుండా మనస్విని సుశాంత్ పేరు మీద వేలు పెట్టి, తీసేసే బటన్ నొక్కింది. కారణం రాయమని ఆట ఒక చిన్న గడి చూపించింది. ఆమె ఏమీ రాయలేదు.

ఆ సాయంత్రం అతని నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఎత్తలేదు. ఎత్తితే తిట్టుకుంటాం, తిట్టుకుంటే ఇరుగుపొరుగు స్నేహం పాడవుతుంది అని తనకు తాను చెప్పుకుంది. ఆ తర్వాత టీకి వెళ్లడానికి జగదీశ్ మార్కెట్ వైపు కాకుండా చుట్టు తిరిగి వెళ్లేది.

సంక్రాంతి సెలవులయ్యాక ఒకామె దుకాణంలోకి వచ్చి, ఫ్రేముల వైపు కూడా చూడకుండా, "మనస్విని అంటే మీరేనా? నేను స్టెఫీని" అంది.

మనస్విని సంతోషంతో లేచి నిలబడింది. స్టెఫీ మొహంలో సంతోషమేమీ లేదు.

"నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు వచ్చిన, మీరు చాట్‌ల చెప్పిన దుకాణం దగ్గరనే గదా అని అడిగి పోదమని వచ్చిన. క్రిస్మస్‌కు మెదక్ పోతున్న, చర్చి పనులుంటయ్, ఆదివారం రాను అని చాట్‌ల రాసే పోయిన గదా? వచ్చి చూస్తే తీసేసిన్రు. తీస్తే తీసిన్రు, గంత వెటకారం ఎందుకండీ?"

"వెటకారమా?"

స్టెఫీ ఫోన్ తీసి చూపించింది. 'మిమ్మల్ని జట్టు నుంచి తొలగించారు' అని పైన పెద్ద అక్షరాలు. దాని కింద, కారణం గడిలో: 'మీ అభ్యర్థన మేరకు సెలవు మంజూరు చేస్తూ, విధుల నుంచి రిలీవ్ చేయడమైనది. సెలవు అనంతరం తిరిగి జాయిన్ కాగలరు.'

మనస్విని దాన్ని చదివి, మళ్లీ చదివి, నవ్వు ఆపుకోలేక కౌంటరు పట్టుకుంది. ఇలాంటి తెలుగు రాసే మనిషి జట్టులో ఒక్కరే ఉన్నారు. సంగతి చెప్పగానే స్టెఫీ కూడా పకపకా నవ్వేసింది. "అయ్యో, మిగిలినోళ్లు గూడ నా లెక్కనే అలిగి కూసున్నరు గావచ్చు" అంది. అప్పుడు మనస్విని నవ్వు ఆగిపోయింది. ఆమెకు సుశాంత్ గుర్తొచ్చాడు.

దుకాణం యజమానిని అడిగి ఆ పూటే నాంపల్లి వెళ్లింది. నుమాయిష్ జనంలో ఆటో కదలదు, నడిచే వెళ్లింది. వామన్‌రావు భార్య కమల తలుపు తీసి, "రా బిడ్డా, నీ ముచ్చట్నే అయితుంది. పొద్దున లేస్తే మీ సైన్యమే" అంటూ పళ్లెంలో సకినాలు పెట్టింది. వామన్‌రావు ఉత్సాహంగా ఫోన్ తెచ్చాడు.

"చూడు, ఒక్క సెలవు గూడ పెండింగ్ లే. చాట్‌ల ఎవరు రానని రాసినా ఆ రోజే ఆర్డర్ ఇచ్చేస్తున్న. నువ్వు దుకాణంల బిజీగ ఉంటవ్, నీకెందుకు ఫికర్ అని నేనే చూసుకుంటున్న."

"అంకుల్, ఏ బటన్ నొక్కుతున్నరు?"

ఆయన చూపించాడు. తలుపులోంచి బయటికి నడుస్తున్న మనిషి బొమ్మ. "ఇగో, సెలవు మీద ఇంటికి పోతున్నడు" అన్నాడు.

ఆ బొమ్మకు అంతకన్నా మంచి అర్థం మనస్వినికి కూడా కనిపించలేదు. కానీ చెప్పక తప్పదు. మెల్లగా, వీలైనంత మెత్తగా చెప్పింది. వామన్‌రావు అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"అంటే నేను అందరిని డిస్మిస్ చేసిన్నా?" అన్నాడు. "సర్వీసుల ఒక్కన్ని గూడ ఇంటికి పంపలే బిడ్డా. పంపుమని పైనుంచి ఫైలొస్తే గూడ, ఏమన్న దారి ఉన్నదా అని చూసేటోన్ని."

మనస్వినికి ఏడుపొచ్చినంత పనైంది. "మీది తప్పు కాదంకుల్, నేను చెప్పలే మీకు" అంది. ఆయన వినిపించుకోలేదు. అప్పటికప్పుడు కూర్చుని ఒక్కొక్కరినీ ఆటలో వెతికి, క్షమించమని రాసి, తిరిగి రమ్మని పిలిచాడు. 'తిరిగి జాయిన్ కాగలరు' అని ముందే రాసిపెట్టాను కదా అని మధ్యలో ఒకసారి గొణిగాడు. కమల నవ్వు దాచుకోవడానికి వంటింట్లోకి వెళ్లింది. దీపాలు పెట్టేవేళకు స్టెఫీ వచ్చేసింది, ఆమె వెనకే ఇంకొందరు.

వామన్‌రావు పేర్లన్నీ చూసుకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు.

"అందరు వస్తున్నరు. మరి సుశాంత్ ఏడి? ఆ పిలగాడు సెలవు అడగలే. నేను ఇయ్యలే. ఎట్ల పోయిండు?"

మనస్విని చేతిలో సకినం అలాగే ఉండిపోయింది. ఇంత పెద్దాయన తన తప్పు ఒప్పుకుని తలవంచి రాస్తుంటే, పక్కన కూర్చుని సకినాలు తింటున్న తన మీద ఆమెకు అసహ్యం వేసింది. జట్టులో నిజంగా వెలివేసింది ఒక్కణ్ణే. ఆ పని చేసింది తను. గోడ మీద ఆ మాట రాసిన వేలితోనే చేసింది.

"నేనే తీసేసిన అంకుల్. వాడే అందరిని తీస్తున్నడు అనుకున్న."

"అడిగినవా?"

"లేదు."

వామన్‌రావు తిట్టలేదు. ఆఫీసు సంగతి చెబుతున్నట్టే మామూలుగా చెప్పాడు. "మా దగ్గర ఒక పద్ధతి ఉండె. తప్పు లేకుండనే ఒకన్ని బయట పెట్టినం అనుకో. సంగతి తెలిసినంక లోపలికి తీసుకుంటం గదా? అప్పుడు ఆ రోజులు సెలవు కింద రాయొద్దు. డ్యూటీ అనే రాయాలె. అందరికి తెలిసేటట్టు ఆర్డర్ ఇయ్యాలె. బయటున్నా మనోడే అన్నట్టు."

మర్నాడు దుకాణం తెరవకముందే మనస్విని జగదీశ్ మార్కెట్‌కు వెళ్లింది. సుశాంత్ ఎవరి ఫోన్‌కో అద్దం అతికిస్తున్నాడు. ఆమెను చూసి తల దించుకుని పని చేసుకున్నాడు. ఆమె జరిగినదంతా చెప్పింది. తలుపు బొమ్మ దగ్గర అతని మూతి కొంచెం వంకర తిరిగింది గానీ నవ్వలేదు.

"గోడ మీద ఏం రాసినవో యాదుందా?" అన్నాడు.

"ఉంది."

"రెండుసార్లు ఫోన్ చేసిన. ఒక్క మాట అడగాలని అనిపించలేదా?"

"అనిపించింది. అడిగితే కాదంటవ్. కాదంటే నమ్మాలె. నమ్మితే జట్టు ఎందుకు ఖాళీ అయితుందో నాకే తెల్వదని ఒప్పుకోవాలె. అందుకే అడగలే. తప్పు నాదే సుశాంత్. వేరే సాకు లేదు."

అతను అద్దం కింద చిక్కుకున్న గాలి బుడగను పాత కార్డు ముక్కతో మెల్లగా అంచుకు తోశాడు. వచ్చినాయనకు ఫోన్ ఇచ్చి పంపాడు. "పో, నీ దుకాణం టైమైతుంది" అన్నాడు, అంతే. కోపం పోయిందో లేదో ఆ మాటలో ఏమీ తెలియలేదు. మనస్విని బరువుగా వెనక్కి వచ్చింది.

ఆదివారం యుద్ధం వేళకు నవాబులంతా చేరారు. వామన్‌రావు పదవి వదిలేస్తానని పట్టుబడితే అందరూ కలిసి వద్దన్నారు, తలుపు బొమ్మ మాత్రం ముట్టనని ఆయన చేత ఒట్టు వేయించుకున్నారు. ఇంక మొదలుపెడదామనగా మనస్విని ఫోన్లో చేరడానికి ఒక అభ్యర్థన వచ్చింది. సుశాంత్ పేరు. మాటలేమీ రాయలేదు. ఆమె వెంటనే ఒప్పుకుంది. తర్వాత యుద్ధాన్ని కాసేపు ఆపి, అందరూ చూసే గోడ మీద, మొదటి రోజు రాసిన మాట కిందనే ఇలా రాసింది:

'ఈ మాట తప్పింది నేనే. సుశాంత్‌ను అడగకుండా తీసేశాను. అతని తప్పేమీ లేదు. అతను బయట ఉన్న రోజులన్నీ డ్యూటీగానే లెక్క.'

చాట్‌లో ముందుగా వామన్‌రావు 'ఆర్డరు చూడడమైనది' అని పెట్టాడు. ఆ కింద సుశాంత్ మాట వచ్చింది.

'సరే గానీ, ఆడనోళ్లను ఎప్పుడు తీస్తున్నవ్?'

మనస్విని నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. తెర మసకగా ఉన్నా వెతుక్కుని జవాబు కొట్టింది.

'ముందు అడుగుదం.'