జామ్ సీసా మీద గీత

ఆదివారం పొద్దున జామ్ సీసా మీద నల్ల మార్కరు గీత చూసి, పూలక్క మొదట అదేదో కంపెనీవాళ్ల గుర్తు కాబోలు అనుకుంది. కాదు. లోపల జామ్ ఎంతవరకుందో సరిగ్గా అంతవరకు, స్కేలు పెట్టి మరీ గీసింది ఆమె మొగుడు. స్కూలు బస్సు నడిపే మనిషి కదా, డీజిలు ముల్లు మీదుండే శ్రద్ధే ఆయనకు పెళ్లాం నోటి మీదా ఉంది. గీత దిగితే తనకు తెలిసిపోతుందని నవ్వుతూ చెప్పాడు. అత్తగారూ నవ్వింది. కాలేజీ చదివే కూతురు ఫోన్లోంచి తలెత్తి మరీ నవ్వింది.

పూలకొట్లో పనిచేస్తుంది గనక అందరికీ ఆమె పూలక్క. షుగరు మాత్రలకు లొంగక సూదిమందు దాకా వచ్చింది. ఇంట్లోవాళ్ల దృష్టిలో మాత్రం అది జబ్బు కాదు, ఆమె చాదస్తం. పొట్టు తీయని గింజలు ఉడకబెడితే అత్తగారు ముక్కు మూసుకునేది. వేళకు తినాలని అందరికంటే ముందు పళ్లెం పెట్టుకుంటే, మొగుడు ఆకలికి ఆగలేదు పాపం అని వెక్కిరించేవాడు. కేకు వద్దంటే ఒక్క ముక్కకే చస్తావా అనేది అదే నోరు, షుగరు పెరిగితే ఏం మెక్కావని అడిగేదీ అదే నోరు. అలాంటి నోటికి ఏమని జవాబు చెప్తారు ఎవరైనా?

ఇంతకీ ఆ గీత దేనికంటే, ఈమధ్య ఆమె షుగరు ఎంతకీ దిగడం లేదు. నోరు కట్టేసుకుంది. రోజూ నడిచింది. సూది ఒక్క పూట మానలేదు. అయినా పరీక్ష చేయించుకున్నప్పుడల్లా అంకె పైపైకి పోతోంది. డాక్టరమ్మ కాగితం చూసి, కళ్లద్దాలు తీసి, దాచకుండా చెప్పమ్మా, ఏం తింటున్నావు అని అడిగింది. పూలక్క ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టరమ్మ అలాగేలే అన్నట్టు తలాడించింది. ఆ తలాడింపుకంటే నాలుగు తిట్టినా బాగుండేది.

అందరూ ఒకే మాట అంటుంటే మనిషికి తన మీద తనకే నమ్మకం పోతుంది. నిద్రలో లేచి తింటున్నానేమోనని పూలక్కకు అనుమానం పట్టుకుంది. ఒకరోజు పొద్దున లేవగానే, ఎవరూ చూడకుండా తన వేళ్లు తనే వాసన చూసుకుంది. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. అయినా అనుమానం తీరక గీత దగ్గరికెళ్లి చూసుకుంది. అలా చూసుకున్నందుకు ఆమెకు ఏడుపొచ్చింది.

ఆ శనివారం మధ్యాహ్నం కూతురు ఇస్త్రీ పెట్టె తగిలి వేలు కాల్చుకుంది. ఐసు ముక్కల కోసం పూలక్క పరుగున వెళ్లి ఫ్రిజ్ పైఅర తెరిచింది. ఐసు ట్రే వెనక, తెల్లగా మంచు పట్టి, ఆమె ఇన్సులిన్ పెట్టె ఉంది. అది ఉండాల్సింది కింద తలుపు అరలో. వాడుతున్న సీసా పడగ్గదిలో పెట్టుకుంటుంది గనక, అది అయిపోయినప్పుడు తప్ప ఈ పెట్టె జోలికి రాదు. తలుపు అర నిండా కూల్‌డ్రింకు సీసాలు బారులు తీరి ఉన్నాయి.

ఐసు కూతురి చేతిలో పెట్టి, ఆ పెట్టె పట్టుకుని మొగుడి దగ్గరికెళ్లింది.

"ఇది పైన ఎవరు పెట్టారండీ?"

"నేనే. శనివారం శనివారం తెచ్చే సీసాలకు చోటు చాలదు. సోమవారం మళ్లీ కిందే పెట్టేస్తున్నాగా," అన్నాడాయన. "మందే కదా, ఎంత చల్లగా ఉంటే అంత మంచిది."

పూలక్కకు చల్లదనం సంగతి తెలియనిది కాదు. కొట్లో అద్దాల బీరువా కాస్త ఎక్కువ చల్లబడితే చాలు, గులాబీ రేకులు నల్లబడిపోతాయి. పువ్వైతే పాడైనట్టు కంటికి కనిపిస్తుంది. ఈ మందు గడ్డకట్టి, కరిగి, మళ్లీ మామూలు నీళ్లలాగే కనిపించింది. ఇన్నాళ్లూ ఆమె ఒంట్లోకి ఎక్కించుకున్నది దాన్నే.

"గడ్డకడితే ఇది పనిచేయదండీ. నేను తినలేదు. మందే చచ్చిపోయింది," అంది.

ఆయన పెట్టె అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ కాసేపట్లో పూలక్క ఎంత ఆశపడిందో చెప్పలేం. ఒక్క మాట చాలు, అయ్యో అన్నా చాలు. ఆయన టీవీ శబ్దం తగ్గించి, "అయితే కొత్తది కొనుక్కో, దానికింత రాద్ధాంతమెందుకు," అని మళ్లీ పెంచాడు. తిండి తప్పు కాదని తేలిందిగా, ఇకనైనా మాతో కలిసి తిను అని అత్తగారు సలహా ఇచ్చింది. కూతురు వేలు ఊదుకుంటోంది. జామ్ సీసా మీద గీత అలాగే ఉంది.

సోమవారం పూలక్క కొత్త మందు కొని నేరుగా కొట్టుకు తీసుకెళ్లింది. కొట్టు యజమానురాలు ఆమెకంటే చిన్నది, మాట తక్కువ మనిషి. ఇదిక్కడ పెట్టుకోవచ్చా అని నసుగుతూ అడిగితే, బీరువాలో తెల్లపూల బకెట్టు పక్కకు జరిపి, చోటు చూపించి, మళ్లీ కాడలు కత్తిరించుకోవడానికి వెళ్లిపోయింది.

కొన్ని వారాలకు షుగరు దిగింది. డాక్టరమ్మ ఈసారి నవ్వింది. గడ్డకట్టిన మందు కథ చెప్తే విని, నిన్ను నమ్మి ఉండాల్సిందమ్మా అంది. ఆ సాయంత్రం పూలక్క కాగితం మడతపెట్టకుండా చేత్తో పట్టుకునే ఇంటికొచ్చింది, ఎవరైనా అడుగుతారని. మొగుడే అడిగాడు. చూశాడు. సంతోషంగానే చూశాడు, అబద్ధమెందుకు.

"చూశావా మరి! సీసా మీద గీత పెట్టాకే దారికొచ్చావు."

పూలక్క నోరు తెరిచింది. అత్తగారు అవునంటే అవునని తలూపుతోంది. గోడకు చెప్పుకున్నా ఒకటే, వీళ్లకు చెప్పినా ఒకటే. తెరిచిన నోరు మూసుకుని, కాగితం మడిచి, తన పళ్లెం తను పెట్టుకుని, వంటింట్లో నిలబడే తినేసింది.

మర్నాడు కొట్లో యజమానురాలు, నిన్న ఎంత వచ్చిందక్కా అని అడిగింది. పూలక్క చెప్పింది. హమ్మయ్య అని ఆమె కత్తెర అందుకుంది. అంతే. ఆ ఒక్క ముక్క చాలు పూలక్కకు. పూలు సర్దుతున్నట్టు బీరువా తెరిచి, ఆవిరి పట్టిన తలుపు చాటున నిలబడి ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చిందో ఆమెకే తెలియదు.

వెనకనుంచి, "తలుపు వేసెయ్ అక్కా, చల్లదనం పోతోంది," అని వినిపించింది. "పూల సంగతి సరే, నీ మందుకు మంచిది కాదు."

పూలక్క కళ్లు తుడుచుకుని తలుపు మూసింది.