గొంతు మట్టం

"ఏందే సాజియా ఆ గొంతు, మిల్లు ఇంట్లోకొచ్చిందా యేం?" అంది మా అత్త గుల్షన్ బీ. రొట్టె తడుతూ, పాలు తాగమని పాపకు చెప్పానంతే.

బేతంచెర్లలో మా గోడకు ఆనుకునే నాపరాళ్ళ పాలిష్ మిల్లు ఉంది. పొద్దు పొడిచింది మొదలు దాని రోద మాటలన్నిటినీ మింగేస్తుంది. మిల్లు నా భర్త రబ్బానీది. ఆ రోద ఆయన చెవులకు ఎన్నడూ బరువు కాలేదు. నా గొంతే అయింది. పెళ్ళయిన కొత్తలో, అన్నం తింటూ, మెల్లగా అన్నాడు: "నేనేం చెవిటోన్ని కాదు. అంత గట్టిగా మాట్లాడితే ఆడమనిషి మాదిరి ఉండదు." ఎనిమిదేళ్ళుగా ఆ మెల్లదనానికే భయపడుతున్నాను. అరిచే మనిషైతే ఎక్కడ ఆగుతాడో తెలిసేది.

కర్నూలులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చెబుతాను. ఆ రోజు పాఠం, వోల్టేజీతో అదుపయ్యే ఆసిలేటర్, అంటే విద్యుత్ అలలు పుట్టించే సర్క్యూట్. వోల్టేజీ మారిస్తే అల వేగం మారుతుంది. దానితోపాటు అల ఎత్తూ మారిపోతుంది. ఎత్తు హద్దు దాటితే అల తల తెగినట్టు చదునవుతుంది. అందుకని కరెంటు తగ్గించి ఎత్తును అదుపులో పెడతాం. కరెంటు తగ్గేటట్టు నాబ్ తిప్పుతూ పోయాను. అలను చూపే స్కోపు తెరమీద ఆకుపచ్చ అల వంగింది, ఇంకా వంగింది, ఉన్నట్టుండి గీతగా మారింది. అల ఆగకముందున్న చోటికి నాబ్‌ను వెనక్కి తెచ్చాను. అల రాలేదు.

"చెడిపోయిందా మేడమ్?" అని యామిని అనే విద్యార్థిని అడిగింది.

"లేదు. ఒక హద్దుకు కింద చిన్న అల ఉండదు, అసలు అలే ఉండదు. సాగుతున్నప్పుడు చాలిన కరెంటు, ఆగినదాన్ని లేపడానికి చాలదు."

"మరి మొట్టమొదటి అల యాడినుంచి వస్తాది?"

"లోపలి భాగాలన్నిటిలో ఎప్పుడూ ఒక వణుకు ఉంటుంది. చాలినంత బలమిస్తే అదే పెరిగి అలవుతుంది."

అప్పుడు ఫోను మోగింది. మా షాహనా ఒకటో తరగతి టీచరు కృపమణి.

"పాపకు గొంతునొప్పా మేడమ్? నాలుగు దినాల్నుంచి ఎక్కాలు అప్పజెప్పమంటే పెదాలు కదుపుతాండాది గానీ శబ్దం రాలేదు." తర్వాత గొంతు తగ్గించి అడిగింది: "ఇంట్లో ఎవురన్నా కొడతారా?"

"లేదు. ఎవరూ కొట్టరు."

అది నిజం. ఆ నిజమే నన్ను వణికించింది. తిరుగు బస్సులో, కిటికీ చువ్వ పట్టుకుని, నిందకు ఒక మనిషిని వెతికాను. రబ్బానీ పాపను గొంతు తగ్గించమని ఒక్కసారీ అనలేదు. అనే అవసరం నేను రానివ్వలేదు. సాయంత్రం మిల్లు ఆపి బేరాలకు ఊర్లోకి వెళ్ళిన ఆయన తిరిగొచ్చే బండి చప్పుడు సందు మొదట్లో వినగానే పాప పెదాలమీద వేలు పెట్టేదాన్ని. కాపాడుతున్నాననుకున్నాను. మొన్న నేను వేలు ఎత్తకముందే పాప నోరు మూసుకుంది. మంచిపిల్ల అని తల నిమిరాను. నాబ్ మీద ఉన్నది ఆయన చెయ్యి అనుకుంటూ వచ్చాను. ఉన్నది నా వేలు.

పాప గొంతు ఆగిపోయిందా, ఇంకా వంగుతోందా? ఆరేళ్ళ పిల్లలో ఆ హద్దు ఎక్కడుంటుందో ఏ స్కోపూ చూపించదు.

ఇంటికి వచ్చేసరికి మిల్లు ఆగింది. షాహనాను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎక్కాల పుస్తకం తెరిచాను. సందు మొదట్లో బండి చప్పుడు. పాప పెదాలు బిగుసుకున్నాయి. నా వేలు దానంతటదే పైకి లేచింది. దాన్ని తెచ్చి పుస్తకం మీద పెట్టాను.

"మూడొకట్ల మూడు," అన్నాను, వీధికి వినపడేటట్టు.

చెప్పులు విడుస్తూ రబ్బానీ గుమ్మంలో ఆగాడు. "సాజియా," అన్నాడు మెల్లగా.

పాప నా నోటివంకే చూస్తోంది.

"మూడు రెళ్ళు ఆరు."

నా గొంతు వణికింది. వణకనిచ్చాను.