రంగు మారకూడని ఫ్లాస్కు

నేను ఒక కోనికల్ ఫ్లాస్కును. కొలిమిలో ఇసుక కరిగితే పుట్టాను. సన్న మెడ, వెడల్పు నడుము, మనుషుల్ని చూసి నేర్చుకున్న అనుమానపు బుద్ధి. మొదట డిగ్రీ కాలేజీ పిల్లల చేతుల్లో పడ్డాను. లెక్క తేలకపోతే తప్పు నాదేనన్నట్టు చూసేవారు. తర్వాత విజయనగరంలో ఒక పరిశోధన ల్యాబుకు, హైమవతి చేతికి వచ్చాను.

హైమవతి వెండి లవణం కలిపిన నీళ్ళలో వావిలాకు కషాయం పోసి, కంటికి ఆనని వెండి నలుసులు పుట్టిస్తుంది. వాటికి క్రిముల్ని చంపే గుణం ఉంటుందట. నీళ్ళు గోధుమరంగుకు తిరిగితే నలుసులు పుట్టినట్టు. ఆ రోజు పొద్దున నా పక్క ఫ్లాస్కులో కషాయమూ వెండి నీళ్ళూ పోసింది. నాలో ఒట్టి వెండి నీళ్ళే. ఏమీ చెయ్యకుండా తేటగా కూర్చోవడమే నా ఉద్యోగం. నేనూ రంగు తిరిగితే ఆకు చేసిందేమీ లేదని తేలిపోతుంది. మర్నాడు ఆమె పరిశోధనను పరీక్షించే కమిటీ ముందు హైమవతికి చూపించడానికి ఏమీ మిగలదు.

మధ్యాహ్నానికి నేను గోధుమరంగుకు తిరిగాను.

హైమవతి నన్ను వెలుతురుకెత్తి చూసి, తిన్నగా పక్క బల్ల జయరాజు వైపు చూసింది. అతనూ ఇక్కడే పరిశోధన చేస్తున్నాడు. ఆకుతో ఏటవుద్దక్కా అని ఆమధ్య ఒకసారి నవ్వాడు పాపం. ఆ నవ్వు ఇప్పుడు సాక్ష్యమైంది. ఆమె వెండి లవణం సీసాను బీరువాలో పెట్టి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. వావిలాకు పొట్లాం హ్యాండుబ్యాగులోకి వెళ్ళింది. గైడు వరాహమూర్తి గారికి ఫోను చేస్తే, ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మకూడదని ఆయన హెచ్చరించారు.

ఆ మాట ఆయన నోటి నుంచి రావడం నాకు చిత్రంగా తోచింది. ముందు రోజు అందరూ భోజనానికి వెళ్ళాక నాలో టీ మరిగించుకున్నది ఆయనే. పంపు కింద ఒక తిప్పు తిప్పి బోర్లించారు. టీ కూడా ఆకే కదా, అడుగున మిగిలిన సారం వెండిని ఊరికే వదులుతుందా?

సాయంత్రం ఆయన వచ్చారు. ల్యాబు క్రమశిక్షణ గురించి గంభీరంగా కొంతసేపు మాట్లాడి, అలవాటుగా నా మెడ పట్టుకున్నారు.

"నా టీ ఫ్లాస్కులో పాత డికాషన్ ఎవరు వదిలేశారమ్మా?"

హైమవతి చూపు జయరాజు మీంచి ఆయన మీదికి తిరిగింది. "అది టీ కాదు సార్. నా వెండి నీళ్ళు."

ఆయన నన్ను నిద్రపోతున్న పసిబిడ్డను దించినట్టు బల్ల మీద దించి, ఏదో మీటింగు గుర్తొచ్చిందని వెళ్ళిపోయారు.

"నిన్నే అనుమానించాను, జయరాజూ," అంది హైమవతి.

"తెలుసక్కా. నాను మజ్జాన్నం నించీ సారునే అనుమానిస్తన్నాను."

"మరి చెప్పవేం?"

"నా థీసిస్ మీదా ఆయనే సంతకం ఎట్టాలి కదక్కా."

ఆ సాయంత్రమే ఇద్దరూ కలిసి కొత్త ఫ్లాస్కును ఆమ్లంతో కడిగి, మళ్ళీ వెండి నీళ్ళు పోశారు. తెల్లారేసరికి అది తేటగానే ఉంది. ఆకు పరువు దక్కింది. కమిటీ ముందు హైమవతి రెండు ఫ్లాస్కులూ పక్కపక్కన పెట్టి చూపించింది.

నన్ను మాత్రం పైఅరకు ఎక్కించారు. టీ మరక ఉందని ప్రయోగానికి ముట్టరు, వెండి లవణం విషమని టీకి ముట్టరు. ఇక్కడి నుంచి అంతా కనిపిస్తుంది. వరాహమూర్తి గారు ఇప్పుడు టీ కాంటీను నుంచే తెప్పించుకుంటారు. గ్లాసును వెలుతురుకెత్తి, అడుగు ఒకసారి చూసుకుని, ఆ తర్వాతే పెదవికి ఆనిస్తారు.