మెట్లు వేరే శాఖ

పైడమ్మ నడిపే పిల్లల హోముకి మంజూరైన గది ఈ ఉదయమే వచ్చి, డాబాకి రెండు నిలువుల ఎత్తున గాల్లో నిలబడి ఉంది. కింద స్తంభాలు లేవు, పక్కన మెట్లు లేవు. లోపల ఫ్యాను తిరుగుతోంది. మనసుకి వైద్యం చేసే డాక్టరమ్మ కూడా గదితోపాటే మంజూరైంది కాబట్టి, గుమ్మంలో కూర్చుని కాళ్ళాడిస్తోంది.

పైడమ్మ ఆశ్చర్యపోదు. పెంపుడిళ్ళలో ఇమడలేక తిరిగొచ్చిన పిల్లల్ని సాకీ సాకీ ఆవిడ ఆశ్చర్యాలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి. కావలసింది ఒక్కటే. లోవ అనే పిల్ల ఆ గదిలోకి చేరాలి. మూడో పెంపుడింటి నుంచి వచ్చింది మొదలు ఆ పిల్ల నోరు విప్పలేదు. ఇవాళ మార్చి నెలాఖరు. పొద్దుగూకేలోగా వాడకపోతే గది మురిగిపోతుంది, సర్కారు వెనక్కి లాక్కుంటుంది. అప్పుడిక వైద్యం లేకుండానే లోవని నాలుగో ఇంటికి పంపేయాలి.

తనిఖీకొచ్చిన గవిరేశ్వరరావు గారు తలెత్తి చూస్తారు.

"గది దివ్యంగా ఉందమ్మా. సున్నం కూడా కొట్టారు."

"బానే ఉంది బాబూ. ఎక్కడం ఎలాగ?"

"గది మా శాఖ. మెట్లు వేరే శాఖ."

"ఆళ్ళెప్పుడొస్తారేటి?"

"గది వాడకంలో ఉందని తేలిన మర్నాడే."

డాక్టరమ్మ పైనుంచి చేతులు చాపుతుంది. "పిల్లని కాస్త గట్టిగా విసరండి, పట్టుకుంటాను."

"ఇప్పటికి ముగ్గురు ఇసిరేసినారమ్మా. నా వల్ల కాదు."

ఎండ వాలుతుంది. గది కట్టు విప్పిన పడవలా మెల్లగా కదులుతుంది. పైడమ్మకి నడుము లాగేస్తోంది. కాసేపు గోడకి చేరగిలబడుతుంది. వీపు గోడకి ఆనదు. వెన్ను పూసకో మెట్టుగా విడిపోయి పైకి పెరుగుతుంది. నొప్పేమీ లేదు. పాత అలుపే, కాకపోతే ఇప్పుడు సిమెంటుది.

పక్కనే నిలబడ్డ లోవ ఆ మెట్లెక్కుతుంది. పైడమ్మ భుజం దగ్గర ఆగి నోరు విప్పుతుంది.

"పెద్దమ్మా, నువ్వు రావేటి?"

"మెట్లు మెట్లెక్కవే పిచ్చిదానా. నడు, గది ఎళ్ళిపోతంది."

డాక్టరమ్మ చెయ్యందిస్తుంది. లోవ లోపలికి అడుగు పెట్టగానే గది ఉన్నచోటే ఆగిపోతుంది.

"ఈ మెట్లెవరు మంజూరు చేశారు?" అని గవిరేశ్వరరావు గారు గద్దిస్తారు.

మెట్లు గదిని దాటి ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. ఆ చివరెక్కడో, మబ్బులో తడిసి ముద్దయిన ఇంకో పిల్ల, ఏదో పెంపుడింటి నుంచి తిరిగొస్తూ, చెప్పులు చేత్తో పట్టుకుని, మెట్లకి నొప్పి పుట్టకుండా ఒక్కొక్కటే దిగుతోంది.