పదిహేడో రాయి మీద రెండు బాణాలు

మార్చి పదకొండు, ఉదయం తొమ్మిదిన్నర. ఆదిలాబాద్ వైపు ఒక క్వారీలో ఐదో పొర నుంచి నన్ను గడ్డపారతో లేపారు.

నేను ఒక ఎర్రరాయిని. నది అడుగున బురదగా పేరుకుని గట్టిపడ్డాను. బురద పేరుకునేటప్పుడు నాలోని ఇనుప రేణువులు ఆనాటి భూమి అయస్కాంత దిశకు సర్దుకున్నాయి. ఆ తర్వాత భూమి తన దిశను చాలాసార్లు తలకిందులు చేసుకుంది. నేను మార్చుకోలేదు.

నన్ను లేపినది దుర్గం కొమురవ్వ. ముప్పై ఏళ్లుగా అక్కడ కూలీ. రాయి కావాలన్నది హిమజ, కాకినాడ నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. ఏ వైపు పైకి ఉందో లేపకముందే నా మీద గుర్తు పెట్టాలి. ఆమె బస్సు ఆలస్యమైంది.

"పై ముఖం ఇదేనా అమ్మా?"

"అవ్ బిడ్డా, గిదే మొకం. ఎంత నున్నగున్నదో చూడరాదు."

హిమజ ఆ వైపు నల్ల రంగుతో బాణం గీసి 17 అని రాసింది.

నలభై కిలోమీటర్ల అవతల మరో క్వారీ ఉంది. రెండు చోట్లా పొరల్లో అయస్కాంత దిశ ఒకే వరుసలో మారితే అవి ఒకే కాలానివి. హిమజ నాలుగేళ్ల పని అది తేల్చడమే. ప్రయోగశాలలో మమ్మల్ని, రెండు క్వారీల నుంచి తెచ్చిన ఇరవై నాలుగు రాళ్లనూ, కోసి కొలిచారు. ఇరవై మూడు రాళ్లు సరిపోయాయి. నేను ఎదురు దిశ చూపాను.

"ఆ ఒక్కటీ తీసెయ్యమ్మా. నెలలో థీసిస్ ఇవ్వాలి" అన్నారు గైడు.

"సరిపోనిదాన్ని తీసేసి, అన్నీ సరిపోయాయని ఎలా రాయనండీ?"

నాలో మిగిలిన సగాన్ని సంచిలో వేసుకుని ఆమె మళ్లీ క్వారీకి వచ్చింది. ఏ జవాబు కావాలో చెప్పలేదు.

"పొరలో ఇది ఎలా ఉండేదో అలాగే పెట్టమ్మా."

కొమురవ్వ నన్ను బోర్లించింది. బాణం నేలకు ఆనింది.

"మరి ఆ రోజు ఇదే పై ముఖం అన్నావు?"

"మొకమంటే నున్నటి దిక్కు. ఇంట్ల పరిస్తే మీదికి పెడ్తరు. నువ్వు మొకం అడిగితివి. ఎట్ల పండుకున్నదని అడిగినవా?" కొమురవ్వ నవ్వి, నా అంచు మీద వేలు పెట్టింది. "గీ గంటు జూడు. గడ్డపార కాటు. రాయిని కిందికెల్లి లేపుతరా, మీదికెల్లి లేపుతరా?"

గంటు బాణం ఉన్న వైపే ఉంది. హిమజ దాన్ని కొలిచి ఫోటో తీసుకుంది. దిశ తిప్పి లెక్కిస్తే ఇరవై నాలుగు రాళ్లూ వరుసలో పడ్డాయి.

ఇప్పుడు నేను యూనివర్సిటీలో హిమజ వాళ్ల విభాగంలో, అల్మారా రెండో అరలో ఉన్నాను. నల్ల బాణం కొట్టేసి ఉంది. రెండో వైపు తెల్ల బాణం ఉంది. థీసిస్ ఎనభై నాలుగో పేజీలో పదిహేడో రాయి వివరాల కింద ఒక వాక్యం ఉంది: "పై వైపును సరిదిద్దినవారు దుర్గం కొమురవ్వ, క్వారీ కూలీ."